ఒకే పద్ధతి

"అన్నిచోట్లా ఒకేలా ఉండాలన్నారుగా సార్, అలాగే మార్చాను," అంది నెకేసా.

కిప్లగాట్ చేతిలోని మందాజీ బన్ను చాయ్‌లోకి జారిపోయింది. ఆసుపత్రి కంప్యూటర్ల కోసం నైరోబీలో వాళ్లు తయారుచేసే సిస్టమ్‌లో, ఫైళ్లను డిస్క్‌లో దాచే భాగానికి ఆయనే పెద్ద. డిస్క్ నిండిపోయి ఫైలు దాచలేకపోయినా, ఆ కోడ్ ప్రతిచోటా "దాచాను" అనే చెప్పేది. ఒక్కచోట మాత్రం నిజం చెప్పేది. ఆ తేడా ఆయన కంట్లో నలుసైంది. అన్నీ ఒకేలా చెయ్యమని తన కింద కోడ్ రాసే నెకేసాకి చెప్పారు.

నిన్న నెకేసా మార్పుల్లో ప్రతి వరసా ఒకేలా కనబడగానే, ఏముందో చదవకుండానే మెచ్చుకుని ఆసుపత్రులకు పంపించేశారు.

"ఒకేలా అంటే ఆ ఒక్కదాన్నీ దారికి తెమ్మని తల్లీ! నువ్వేమో బుద్ధిగా ఉన్నవాటన్నిటికీ ఏడుపు నేర్పావు. ఎల్డోరెట్ ఆసుపత్రిలో పొద్దుటినుంచీ ఏ తెర చూసినా 'దాచలేకపోయాను' అంటోందట. 'మీ సిస్టమ్‌కి ఏం జబ్బు చేసింది డాక్టరు గారూ' అని నర్సులు వెటకారంగా నన్ను ఫోన్లో ఉతికి ఆరేస్తున్నారు. నిన్నటిదాకా అన్నీ చక్కగా దాచుకుందిగా?"

"అక్కడి డిస్క్ ఎప్పుడో నిండిపోయింది, నిన్న కూడా దాచలేదు సార్. దాచానని చెప్పింది, అంతే."

"దేవుడి దయవల్ల ఎవరికీ తెలియలేదుగా! పాతదే పెట్టెయ్."

"పెడతాను సార్. మొన్న మీ అమ్మగారికి గుండె పరీక్షలు చేయించింది అక్కడేగా?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించారు.

"మిగతావన్నీ పాతలాగే ఉండనీ. మా అమ్మ పేరు వచ్చినచోట మాత్రం నిజం చెప్పించమ్మా."