గుడి బియ్యం

"మంచినీళ్ళైనా పుచ్చుకోండి బాబూ" అని దానమ్మ చెంబు అందించింది.

"వద్దండీ" అని అతను సంచిలోంచి తన సీసా తీసుకుని తాగాడు.

చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. పేటలో పుట్టినదానికి ఆ 'వద్దు' కొత్తేం కాదు.

అతని పేరు సంజీవరావు. విజయవాడ వన్ టౌన్‌లో చందాల మీద నడిచే ఏదో సంఘమట. కంకిపాడు పక్కనున్న ఆ పేటలో పన్నెండిళ్ళు ఎంచుకున్నాడు. వారం రోజులు పొద్దున్నే వచ్చి, ఎసట్లో పోసేముందు బియ్యం కాటా వేసి రాసుకుంటానన్నాడు.

"ఎందుకండీ?"

"ఎవరేం తింటున్నారో తెలుసుకోడానికి."

అతను వెళ్ళాక దానమ్మ పక్కింటి శౌరమ్మతో అంది. "మన నీళ్ళు పనికిరావు గానీ, మన కుండలో తొంగిచూడ్డానికి పనికొచ్చాం."

"మన గంజి సంగతి ఊళ్ళో చెప్పుకుని నవ్వుతారే."

"నవ్వనిస్తానా?"

వండుకునే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడికని తీసిపెట్టడం పేటలో ఆనవాయితీ. ఆ డబ్బా దానమ్మ దగ్గరే ఉంటుంది. మర్నాటినుంచి అతను ఒకింట్లో తూచి బయటికొచ్చేసరికి, తూచిన ఆ డబ్బా బియ్యమే దొడ్డిదారిన పక్కింటి చేటలోకి చేరేవి. ఆదివారం ప్రార్థనకి గింజ తగ్గకుండా గుడికి పోవాల్సిన బియ్యం. వాటిని వండే ధైర్యం ఎవరికుంది?

ఆరో రోజు అతను నాలుగు గింజలు అరచేతిలో వేసుకు చూశాడు.

"అందరూ ఒకే కొట్లో కొంటారా అమ్మా?"

"దేవుడి కొట్లోనండీ" అంది దానమ్మ. గుమ్మం వెనక ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

అతను నవ్వలేదు. దానమ్మ కూతురు నాలుగేళ్ళ మార్త ఉబ్బిన పాదాన్ని బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"దానమ్మగారూ, నిజంగా ఇవే వండుతున్నారా?"

ఆమె పేరు చివర 'గారు' తగిలించినవాడు అంతవరకు లేడు. ఎగతాళి అనుకుంది.

"మేమేం అడుక్కుతినేవాళ్ళం కాదు బాబూ" అని పిల్లను చంకనేసుకుంది.

వానలు పట్టాక మళ్ళీ వచ్చాడు. నిలువునా తడిసి, దగ్గుతూ.

"ఇంకో వారం తూస్తానమ్మా. ముందుది సరిగ్గా రాలేదు."

"మా కుండలు మీ ఆటకి లేవు. వెళ్ళండి."

కాసేపు వానలోనే నిలబడి, కాటా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చూరు కిందికి రమ్మని ఒక్కరూ అనలేదు.

నెల తిరక్కుండా అవతలి పేటలో గంజి కేంద్రం పెట్టారు. మార్తను ఎత్తుకుని దానమ్మ వెళితే, గంజి పోయించే గుమాస్తా కాగితం చూశాడు.

"మీ పేటలో తిండికి లోటు లేదని ఉందే. సంఘంవాళ్ళు తూచారుగా."

మర్నాడే పిల్లను చంకనేసుకుని దానమ్మ బస్సెక్కింది.

వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను మీద రెండు గదులు, అదే సంఘం. మెట్ల మీద ఒక ముసలామె కూర్చునుంది. నాట్లేసి నాట్లేసి ఒరిసిన వేళ్ళు. పక్కన రేకుపెట్టె, దాని మీద ఆ కాటా.

"సంజీవరావుగారి కోసం వచ్చానండీ. మళ్ళీ తూచమని చెప్పాలి. ఈసారి ఉన్నదే చూపిస్తాం."

"లేడమ్మా. వానలో తడిసి జ్వరం పట్టింది, ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. పోయి పదిరోజులు."

దానమ్మ పిల్లను మెట్టు మీదకి దించింది. ముసలామె కూజాలో నీళ్ళు వంచి పిల్లకు పట్టింది.

"మా ఇంట్లో ఆయన మంచినీళ్ళు ముట్టలేదండీ" అంది దానమ్మ. "మేం ఇంకోలా అనుకున్నాం."

"తూచే ఇంట్లో చుక్క ముట్టినా మొహమాటం పుడుతుందనేవాడమ్మా" అంటూ ముసలామె కాటా మీద చెయ్యి వేసింది. "చల్లపల్లి అవతల మా పేటలో వాడు మొట్టమొదట తూచింది నా కుండే, ఆ వారమంతా, కన్నతల్లినైనా, నా చేతి నీళ్ళు కూడా తాగలేదు."