అక్కయ్య జవాబు

"మూడు రోజులుగా మా అమ్మాయి ఆపిల్ ముక్కలతో బతుకుతోంది! మీ పత్రికలో అక్కయ్య చెప్పిందట. ఎవరండీ ఆవిడ?"

పై వాటాలో అద్దెకుంటున్న ఉపసంపాదకుడి కంచం పక్కన ఇంటావిడ ఆ అమ్మాయిల ఫ్యాషన్ పత్రికను పడేసింది.

అతను రెండోసారి వడ్డించుకుంటూ ఇబ్బందిగా నవ్వాడు. "నేనేనండీ. పేజీ నింపాలి కదా, తోచింది రాసేస్తాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. బొజ్జను బల్లకు ఆనించుకున్న ఈ పెద్దమనిషా, ఆడపిల్లల నడుములకు కొలతలు చెప్పే అక్కయ్య!

"ఛీ! ఉత్తరాలు కూడా మీరే పుట్టిస్తారా?"

"అబ్బే, అవి నిజమైనవేనండీ. ఈ నెలది వినండి." వేలు నాకి పేజీ తిప్పాడు. "'అక్కయ్యా, చుట్టాలొస్తే చాలు, మా అమ్మ నన్ను బస్తా అని పిలిచి అందరినీ నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను. త్వరగా సన్నబడే దారి చెప్పండి.' ఏం తల్లండీ బాబూ!"

ఆవిడ గబగబా మెట్లు దిగింది.

కూతురి గది తలుపు తట్టి పిలవబోయింది. ఇన్నేళ్లూ ముద్దుపేరనుకున్న ఆ మాటే ముందుగా నాలుక చివరికి వచ్చింది.

దాన్ని మింగేసి, ఆవిడ కూతుర్ని అసలు పేరుతో పిలిచింది.