పుట్టింటి రక్తం

చెట్టెక్కే పిక్కలని సూర్యారావు ఊరంతా చూపించుకున్న పిక్కలవి. ఎనిమిదేళ్ళ కొడుకు త్రినాథ్ లాగు పైకెత్తి మరీ చూపించేవాడు. ఉద్దానం మొత్తంలో ఏ పిల్లాడికీ అంత లావు పిక్కలు లేవని మీసం దువ్వేవాడు.

అది కండ కాదు, కొవ్వు అన్నాడు విశాఖపట్నం డాక్టరు.

కండలో నారలుంటాయట. అడుగేసినప్పుడల్లా సాగి ముడుచుకుంటాయట. అవి తెగకుండా తాడులాంటి ప్రోటీను ఒకటి కాపు కాస్తుంది. దాని ఒక కొస నారను పట్టుకోవాలి, రెండో కొస పైపొరలో ఉన్న ఇంకో ప్రోటీన్ని పట్టుకోవాలి. త్రినాథ్‌కి ఆ తాడే లేదు. నడిస్తే నార తెగుతుంది. ఒళ్ళు అతుకుతుంది. మళ్ళీ తెగుతుంది. అతికి అతికి ఒళ్ళు అలిసిపోయాక ఆ చోట కొవ్వు చేరుతుంది. కొన్నేళ్ళకి నడకే పోతుంది. నయంచేసే మందు లేదు.

"ఎలాగొచ్చింది బాబూ ఇది?"

"తల్లి వైపు నుంచి. ఆడవాళ్ళు మోస్తారు, మగపిల్లలకి బయటపడుతుంది."

సూర్యారావు ఆ మాట ఒక్కటీ పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో పక్క సీటాయన పిల్లాణ్ణి చూసి "కిడ్నీయా బావా?" అన్నాడు. అవునన్నాడు సూర్యారావు. కిడ్నీ జబ్బుకి ఉద్దానంలో సిగ్గేముంది, ఇంటింటా ఉన్నదే. ఇది ఒక్క ఇంటి జబ్బు. కింద కూర్చుంటే చాలు, త్రినాథ్ మోకాళ్ళ మీదా తొడల మీదా చేతులేసి, తన ఒంటిని తానే చెట్టులా ఎక్కుతూ లేస్తాడు. బద్ధకమని సూర్యారావు వాణ్ణి చీపురుతో బాదాడు కూడా. ఇప్పుడా దెబ్బలు తన చేతులకే మండుతున్నాయి.

సిగ్గు బరువైంది. ఎవరి నెత్తినో దించెయ్యాలి.

పలాసకి టిక్కెట్టు తీసినవాడు నిమ్మాడ రాగానే బస్సు ఆపించాడు. వెంట వస్తున్న భార్య ప్రమోదిని పుట్టిల్లు అక్కడే.

"దిగు. మీ రక్తమే ఇది. ఆడిని నీ పుట్టింటోళ్ళనే మొయ్యమను."

"ఆడిని సూడు మావా. మెట్టు దిగలేకపోతన్నాడు."

చూడలేదు. బస్సంతా చూసింది.

ప్రమోదిని తల్లి రాజులమ్మ అరుగు మీద కొబ్బరీనెలు చీరుతోంది. సూర్యారావు కాళ్ళు కూడా కడుక్కోకుండా అందుకున్నాడు. తమ ఇంటిపేరున్నోడు ఒక్కడికీ ఇలాంటి మాయరోగం లేదన్నాడు. పిల్లనీ పిల్లాణ్ణీ ఇక్కడే ఉంచుకోమన్నాడు, మళ్ళీ గుమ్మం తొక్కనన్నాడు. పక్కిళ్ళవాళ్ళు పోగయ్యారు. సూర్యారావు గొంతు ఇంకా పెంచాడు.

అరుగు మీద కూలబడిన మనవడు చేతులతో తొడలు నొక్కుకుంటూ లేస్తున్నాడు. రాజులమ్మ వాణ్ణే చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈ రోగం నీకు ముందే తెలుసునా, లేదా?"

తెలుసునన్నట్టు తలూపింది. ప్రమోదిని అదిరిపడి తల్లి వంక చూసింది.

సూర్యారావుకి ఏనుగు బలం వచ్చింది. "ఇన్నారా? ఎవడికుండేదో ఇప్పుడు అందరి ముందరా సెప్పు."

రాజులమ్మ సిగ్గుతో తలొంచుకుని, పక్కిళ్ళవాళ్ళకి వినపడకూడదన్నట్టు మెల్లగా అంది:

"అమ్మ పరువుకి బయపడి సెప్పనీలేదు గానీ, నువ్వు కడుపులో ఉన్నప్పుడే పోయిన మన పైడయ్యన్నకిరా తమ్ముడూ."