ఎనభై ఆరు సమ్మతులు

“ఎనభై ఆరుగురూ వద్దన్నారా!”

రాజశేఖర్ ల్యాప్‌టాప్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కుని మళ్లీ లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెడితే ఒకరిద్దరైనా మనసు మార్చుకుంటారేమోనని ఆశ. మార్చుకోలేదు.

“అయ్యో, ఒక్కరన్న సరే అనలేదా సార్?” అంది ప్యాకింగ్ సూపర్‌వైజర్ ప్రేమలత.

“మీరూ వద్దనే అన్నారు కదమ్మా!”

“నేనన్ననా?” అని ఆశ్చర్యపోయి, వెంటనే సర్దుకుంది. “ఆ, అన్న సార్. అన్న.”

పూలూ పండ్లూ కూరగాయలూ పెట్టెలకెత్తి విమానం ఎక్కించే కంపెనీ అది. శంషాబాద్‌లో రన్‌వేకి ఎంత దగ్గరంటే, నెత్తిమీదుగా విమానం పోయినప్పుడల్లా గ్లాసులో టీ లేచి నిలబడి, అది దాటిపోయాక మర్యాదగా కూర్చునేది.

మూడేళ్ల కింద పెద్దాఫీసు వాళ్లు అన్ని శాఖలకూ ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. ఉద్యోగులు అందులోనే మాట్లాడుకోవాలి, అందులోనే కాగితాలు పంచుకోవాలి, రోజూ చేసిన పని అందులోనే రాయాలి. పదకొండు శాఖల్లో పదింటి వాళ్లు దాన్ని తెరవమంటే మొహం తిప్పుకున్నారు. శంషాబాద్ ఒక్కటే బంగారం. ఎవరిదైనా పుట్టినరోజైతే మిగతా ఎనభై అయిదుగురూ పేరుపేరునా శుభాకాంక్షలు చెప్పేవారు. ఏ ఫిర్యాదు వచ్చినా చివర “జర చూడుండ్రి” అని ఉండేది. ఎంత ఐకమత్యం లేకపోతే మాట కూడా ఒక్కటే అవుతుంది! పోయిన ఆషాఢంలో నాలుగు రోజులు ఒక్కరూ లాగిన్ కాకపోతే, బోనాలు కాబోలని రాజశేఖర్ తన రిపోర్టులో రాశాడు కూడా.

ఆ సాఫ్ట్‌వేర్ పాతబడింది. కొత్తది తెచ్చే పని పెద్దాఫీసు నుంచి వచ్చిన రాజశేఖర్‌ది. ముందుగా శంషాబాద్‌లో పెడదామన్నదీ అతనే. అక్కడి వాళ్లంతా ఒప్పుకోవాలి, ఒక్కరు తగ్గినా కుదరదని పెద్దాఫీసు షరతు. నాలుగింటికి అతని విమానం. ఆలోగా ఒప్పుకోలు చేతికి రాకపోతే, సోమవారం నుంచి అతని కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ఈ మాట అతనికి చాలా మృదువుగా, రెండుసార్లు చెప్పారు.

“పాతదానిలో మీకంత నచ్చిందేమిటమ్మా?”

“అన్నీ మంచిగనే ఉన్నయ్ సార్.”

“ఏదో ఒకటి చెప్పండి.”

ప్రేమలత పైకప్పు వైపు చూసింది. అక్కడేమీ రాసిలేదు. “గా మొగులయ్యను అడుగుండ్రి సార్. ఆయన ఎట్లంటే మేం గట్లనే.”

రాజశేఖర్‌కు విషయం బోధపడింది. ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన తల ఊపితే ఊరు ఊరంతా ఊపుతుంది. ఆ తల ఎక్కడుందో వెతుక్కుంటూ స్టోర్ రూముకు పోయాడు.

మొగులయ్యది పాల్మాకుల. స్టోరు చూసుకుంటాడు. అట్టపెట్టెల మధ్య, కంప్యూటర్ ముందు కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

“మొగులయ్యగారూ, మార్పంటే భయపడకూడదండీ.”

“భయమేంది సారూ! మా తాత రావిర్యాల గుట్టల్ల చిరుతపులిని బీడీకి నిప్పడిగిండు.”

“ఇచ్చిందా?”

“బీడీ తాగే అలవాటు లేదన్నదట.”

రాజశేఖర్ నవ్వలేకపోయాడు. “మరి ఎందుకు వద్దంటున్నారు?”

“పని పెరుగుతది.”

“పని తగ్గించడానికేనండీ ఇది!”

“పాతది పెట్టిననాడు గూడ గిదే ముచ్చట చెప్పిండ్రు.” మొగులయ్య కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “సరే, ఒకటి చెప్పు. ఒకలు బయటికొచ్చి ఇంకొకలు లోపలికి పోవాలంటే పాతదాంట్ల రెండు నిమిషాలు తింటది. కొత్తదాంట్ల ఎంత?”

“షిఫ్టు మారేటప్పుడా?”

“గట్లనే అనుకో.”

“ఒక్క నొక్కు చాలు. పేరు మీద నొక్కితే మనిషి మారిపోతారు.”

“పాస్‌వర్డు?”

“ఒకసారి కొడితే అదే గుర్తుపెట్టుకుంటుంది.”

మొగులయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి లిఫ్టు చూపించినట్టయింది ఆయన మొహం. “గీ ముక్క ముందుగాల చెప్పొద్దా సారూ? ఇగ పొద్దుగూకక ముందే ఇల్లు చేరొచ్చు. నువ్వు పోయి మల్లొకపారి అడుగు. అందరు సరే అంటరు.”

తోటివాళ్ల సమయం గురించి ఇంతగా ఆలోచించే మనిషి ఒక స్టోర్ రూములో ఉండిపోయాడే అని రాజశేఖర్ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

సరిగ్గా పదకొండింటికి పాత సాఫ్ట్‌వేర్‌లోనే మళ్లీ అడిగాడు. రెండు నిమిషాలకు ఒక ‘సరే’ వచ్చింది. ఇంకో రెండు నిమిషాలకు ఇంకొకటి. తోపులాట లేదు, తొందర లేదు. దేశంలో ఇంత పద్ధతిగా ఓటు వేసే జనాన్ని అతను చూడలేదు.

ఒంటిగంటకు లెక్క అరవైకి చేరి, ఆగిపోయింది.

అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. రెండింటికల్లా బయలుదేరకపోతే విమానం దక్కదు. రాజశేఖర్ షెడ్డులోకి పరుగెత్తాడు. ప్రేమలత, మిగతావాళ్లు వరుసగా కూర్చుని సద్దిమూటలు విప్పుకుంటున్నారు.

“ఇంకా ఇరవై ఆరు మంది నొక్కలేదమ్మా!”

“బువ్వ యాళ్ల అయింది కద సార్,” అంది ప్రేమలత, ముద్ద కలుపుతూ. “మొగులయ్యకు చెప్పుండ్రి.”

అతను స్టోర్ రూముకు ఉరికాడు. మొగులయ్య కంప్యూటర్ ముందే టిఫిన్ డబ్బా తెరిచి, జొన్నరొట్టె తుంచుకుంటున్నాడు.

“మొగులయ్యగారూ, మీ మాటంటే అందరికీ గురి. మిగిలినవాళ్లకు ఒక్కమాట చెప్పండి, త్వరగా నొక్కమని. నా ఉద్యోగం మీ చేతిలో ఉంది!”

మొగులయ్య నోట్లో ముద్ద నిదానంగా మింగి, నీళ్లు తాగాడు.

“జర తిననియ్యి సారూ, మిగిలిన ఇరవై ఆరుగురివి గూడ నేనే నొక్కాలె.”