ఎముక తేలేదాకా

ధియాబ్ నా ఇల్లు కూల్చాడు. ఒక్క మాంసం ముక్కతో కూల్చాడు.

నాలుగేళ్ల కింద బరువు తగ్గడానికి నా పొట్టలో మూడొంతులు కోయించుకున్నాను. మిగిలింది అరటిపండంత. అప్పటినుంచి నన్ను నిలబెట్టింది నా భార్య ఫిద్దా. టీ సాసరులో వడ్డిస్తుంది. ముందు మాంసం, తరవాత కూర, చోటుంటే అన్నం. తింటూ నీళ్ల గ్లాసు ఎత్తితే చెయ్యి పట్టుకుంటుంది. ఆమె చేతి చలవ వల్లే మళ్లీ ఒళ్లు రాలేదు, నీరసమూ రాలేదు.

ఆ శుక్రవారం నా చెల్లెలు రస్మియా ఇంట్లో విందు. ఆమె కొడుకు పరీక్ష పాసయ్యాడు. ధియాబ్ ఆమె మొగుడు.

బయల్దేరుతుంటే ఫిద్దా నా గుండీలు పెడుతూ చెప్పింది.

"నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగెయ్. ఒట్లు పెట్టి కుక్కాలని చూస్తాడు. వాడి నోరు నాకు తెలియనిదా?"

మన్సఫ్ పళ్లెం చుట్టూ మగాళ్లందరం నిలబడ్డాం. అన్నం మీద పుల్లటి పెరుగు పులుసు, పైన గొర్రె మాంసం. నాలుగు ముద్దలు నిదానంగా నమిలి వెనక్కి జరిగాను.

"ఏం బావా, పిచ్చుక మేతా?" ధియాబ్ అరిచాడు. "ఒకప్పుడు సగం గొర్రెని నువ్వే లాగించేవాడివి. డాక్టరు పొట్టే కోశాడా, ఇంకేమన్నా కూడా కోశాడా?"

అందరూ పగలబడి నవ్వారు.

"నిండిపోయింది ధియాబ్. నీ ఇల్లు చల్లగుండ, వదిలెయ్."

వాడు భుజం ముక్క పెరికి నా ముందు పడేశాడు. "ఎముక తేలేదాకా తినాల్సిందే. తినకపోతే రస్మియాకి తలాక్!"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది.

మా కరక్ వైపు మగాళ్లకి ఈ ఒట్టు ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. ధియాబ్‌కి అప్పటికే రెండు అయిపోయాయి. ఒకటి కాఫీ తాగకుండా లేచిన అతిథి మీద, ఇంకొకటి పేకాటలో. రెండుసార్లూ పెద్దలు కూర్చుని కలిపారు. మూడోది పడితే ఇక కలిపేవాడు లేడు.

వాడికీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మొహం పాలిపోయింది.

"తిను బావా," అన్నాడు మెల్లగా. "నీ కాళ్లు పట్టుకుంటా, తినెయ్."

తిన్నాను. రస్మియా కోసం నమలకుండా మింగాను. రొమ్ము కింద రాయి అడ్డం పడ్డట్టయింది. చెమటలు కారాయి. ఎముక సగం తేలింది. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. అంతే, తిన్నదంతా ధియాబ్ కాళ్ల మీదే కక్కేశాను.

విందుకొచ్చిన మసీదు ఇమాము వంగి ఎముకను చూశాడు. "తలాక్ పడింది," అని చెప్పులేసుకున్నాడు.

రస్మియా మూట పట్టుకుని నా వెంట వచ్చింది. గుమ్మంలో ఫిద్దా ఎదురొచ్చింది. మూట వైపు చూసింది, నా వైపు చూసింది. లోపలికెళ్లి గోరువెచ్చని పప్పుచారు తెచ్చి నాకు చెంచాతో తాగించింది.

తరవాత రస్మియాను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఏడవకు, ఇటు చూడు. మీ అన్నకి మాంసం ఇంత సన్నగా కొట్టాలి. శనగలు పొట్టు తీసి మెత్తగా నూరు. తిన్న అరగంటకి గానీ నీళ్లివ్వకు. మాత్రలు ఈ డబ్బాలో. బతిమాలితే కరిగిపోయేవు, మహా గడుసువాడు."

రస్మియా ముక్కు చీదుకుంటూ ప్రతి మాటకీ తలూపింది. ఫిద్దా నా సాసరు కడిగి, తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

చీకటి పడకముందే బయట ధియాబ్ కారు హారన్ మోగింది: మావి కుండమార్పిడి పెళ్లిళ్లు, నా చెల్లెలు పుట్టింటికి చేరాక వాడి అక్క ఫిద్దా నా ఇంట్లో ఉండడానికి లేదు.