మధ్యాహ్నపు ముద్ద

“ఆ రాగిముద్ద తీసేయండి అన్నయ్యా. ఆయన ఎన్నడూ నోట పెట్టి ఎరగరు” అంది గౌరి.

కెలవరపల్లి దగ్గర ఏటి ఒడ్డు. హోసూరు ఫ్యాక్టరీలో మిషను కింద పడి చనిపోయిన ఆమె భర్త జనార్దనరావుకు ఆవేళ పదోరోజు. ఆకులో అన్నం, గోంగూర పచ్చడి పెట్టి గంటయింది. చెట్టు మీది కాకి దిగి రావడం లేదు. చూసి చూసి, అతనితో పనిచేసిన మునిరాజు తన డబ్బా విప్పి రాగిముద్ద, అనపగింజల పులుసు బయటపెట్టాడు.

“నాలుగేండ్లుగా దినామూ ఇదే తిన్నాడమ్మా. మీరు పంపే క్యారియర్ నేను తినేది, నా ముద్ద అన్న తినేది.”

గుడివాడ నుంచి వచ్చిన నాటి నుంచీ గౌరి తెల్లవారకముందే లేచి వండి పంపిన అన్నం అది.

“మరి నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“చెప్పన్నా అంటే ఇనలేదు. ‘నేను కూడా ఈ ఊరోడినైపోతే ఆమె ఒంటరిదైపోతుంది మునిరాజూ’ అనేవాడు.”

గౌరి చేయి చాచి ముద్ద అందుకుంది.

“అట్ల కాదమ్మా, పులుసులో...” అని మునిరాజు చెప్పబోయాడు. అప్పటికే ఆమె వేళ్లు తడిచేసుకుని, ముద్ద తుంచి, నడుమ గుంట చేసి, అనపగింజల పులుసులో ముంచి ఆకులో పెట్టేసింది.

కాకి దిగి ముద్దను ముట్టింది. మునిరాజు మాత్రం ఆమె చేతినే చూస్తున్నాడు.

“ఆయన డ్యూటీకి వెళ్లాక పక్కింటి రాజలక్ష్మమ్మతో రోజూ ఇదే తినేదాన్ని” అంది గౌరి. “నేనూ ఆ భయంతోనే చెప్పలేదు.”