రాకెట్ సారు

“లోపలి సామాను మార్పించాల్నా, బండి జోరు తగ్గించాల్నా? నువ్వే చెప్పు సూర్యం. నేను చెప్తే ఈ సామేలు వింటలేడు,” అంది అమృతమ్మ.

సూర్యనారాయణ వంగి, తెరిచిన బానెట్ కింద ఉన్న ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను చూశాడు. మెకానిక్ సామేలు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

తార్నాకలో ఆ ఇంటి వెనకాల ఉన్న రేకుల షెడ్డు అమృతమ్మ భర్త లక్ష్మీనర్సయ్య సారుది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి సాయంత్రాలు అందులోనే గడిపేవాడు. ఎవరో జాగీర్దారు వదిలించుకున్న పాత అమెరికా కారును కొని, ఇంకొకరి చెయ్యి పడనివ్వకుండా తానే బాగుచేసుకున్నాడు. నిరుడు గుండె ఆగి ఆయన పోయాడు. అప్పటినుంచి బండి షెడ్డు దాటలేదు.

“వినకపోవుడు కాదమ్మా,” అన్నాడు సామేలు. “ఇంజన్ విప్పుడంటే మాటలా? రేపు మీ ఇంటి మగోళ్లొచ్చి, ఎవర్నడిగి విప్పినవ్ అంటే నేనేం చెప్పాలె? అందుకే తెలిసినోళ్లను పిలవమన్న. చూడుండ్రి సార్, పెద్ద సారు మీదినుంచి పవర్ పెంచిండు. రెండో కార్బురేటర్ పెట్టిండు, ఇంజన్ హెడ్డును అరగదీసిండు. లోపలి పిస్టన్లు, రాడ్లు మాత్రం పాతవే. గుర్రం బలిసింది గని కాళ్లు బలువలే. గట్టిగ తొక్కితే రాడ్డు ఇరిగి ఇంజనే పగుల్తది.”

“మరి ఆ రెండో కార్బురేటర్ తీసేస్తే?”

“పదేండ్లు సల్లగ నడుస్తది. కూరగాయలకు పోయి రావచ్చు.”

కూరగాయలకు! సూర్యనారాయణకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

అడిక్‌మెట్‌లో గది అద్దెకు తీసుకుని చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. పొద్దున్నే మిత్రులతో కలిసి క్యాంపస్‌కు నడుస్తుంటే ముందు మోత వినిపించేది. అందరూ రోడ్డు దిగి నిలబడేవారు. ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి నల్లటి కారు గాలిని కోసుకుంటూ దూసుకుపోయేది. కుడి కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, జుట్టు ఎగురుతుంటే పసివాడిలా నవ్వుతూ సారు. అవతలి పక్కన, కొంగు తల చుట్టూ బిగించి కట్టుకున్న అమృతమ్మ. “రాకెట్ సారు పోయిండురో!” అని కుర్రాళ్లు కేకలు పెట్టేవారు. ఆ ఒక్క క్షణం కోసం గంట ముందు లేచిన రోజులున్నాయి.

ఒకసారి క్లాసులో ఎవరో అడిగారు, “అంత స్పీడుగ పోతుంటే భయం కాదా సార్?” అని.

“నమ్మకం ఉన్నకాడ భయమెందుకుంటదిరా?” అన్నాడు సారు. అంత ధీమా ఉన్న మనిషిని సూర్యనారాయణ మళ్లీ చూడలేదు. ఆ మాట పట్టుకునే మెకానికల్ చదివాడు, అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు.

సామేలు ఎడమ తలుపు తీసి, స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. సూర్యనారాయణ చెవి ఒగ్గాడు.

“మీరు చెప్పిన చప్పుడేం లేదు గదమ్మా?”

“ఇట్ల రాదు. ఆర్ట్స్ కాలేజీ ఎత్తు ఎక్కేటప్పుడు, కాలు పూర్తిగ అదిమితెనే టకటకమంటది. కాలు తీస్తే ఊకుంటది.”

సారు పక్కన కూర్చుని కూర్చుని ఆమెకూ ఆ చెవి వచ్చిందనుకున్నాడు సూర్యనారాయణ. మనసు కరిగింది. అయినా తెగించి చెప్పాడు.

“అమ్మా, జోరు తగ్గిద్దాం. ఇంజన్ పగిలితే మళ్ల దొరకదు. మెల్లగ నడిస్తే మాత్రమేంది? సారు గుర్తుగ మీ కండ్ల ముందుంటది.”

“గుర్తుకు ఫోటో ఉన్నది గద బిడ్డా.”

సూర్యనారాయణ మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు.

“మా బావ అమ్మేయమంటడు. నువ్వు పండుకోబెట్టమంటవు,” అందామె, బానెట్ మీద చెయ్యి వేసి. “లోపల గట్టి సామాను ఏద్దామని సారు, నేను అనుకున్నం. ఇంతల ఆయన పోయె. బండి కూడ సగం పానంతోటి బతకాల్నా?”

సారు చివరి కోరిక అదేనని అతనికి అర్థమైంది. ఇక కాదనలేకపోయాడు.

“విప్పు సామేలు. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు.”

బొంబాయినుంచి కొత్త పిస్టన్లు, రాడ్లు, బేరింగులు వచ్చాయి. ఆదివారాలు సూర్యనారాయణ కూడా చొక్కా విప్పి షెడ్డులో దిగాడు. పుస్తకాల్లో పడి మరిచిపోయిన గ్రీజు వాసన అతన్ని మళ్లీ కుర్రాణ్ని చేసింది. అమృతమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి, ఒక్కొక్క రాడ్డునూ చేతిలోకి తీసుకుని బరువు చూసేది.

చలి మొదలైన ఒక ఉదయం ఇంజన్ మళ్లీ మోగింది. అదే మోత. ఆనాటి పొద్దులన్నీ ఒక్కసారిగా షెడ్డులోకి వచ్చినట్టయింది. సూర్యనారాయణ కళ్లు తడిశాయి.

“సారే తిరిగొచ్చినట్టున్నదమ్మా,” అన్నాడు. “కాని ఇంత పవర్ బండిని ఆయన లెక్క నడిపేటోళ్లు ఇప్పుడెవరున్నరు? మంచి డ్రైవర్ను చూడమంటరా?”

అమృతమ్మ చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. స్టీరింగ్ ముందు కూర్చున్న సామేలును దిగమని సైగ చేసింది.

“సారుకు డ్రైవింగే రాదు, బిడ్డా.”